ఛాంపియన్ అయినా పైకి పంపరట! లోకోమోటివ్ లైప్‌జిగ్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

నాలుగో_మెట్టు
రెండుసార్లు లీగ్ గెలిచి, రెండుసార్లూ పై డివిజన్‌కి వెళ్ళలేకపోయిన జట్టు గురించి మొర పెట్టుకుందామని వచ్చాను. నేనుండేది లైప్‌జిగ్‌లో. ఇక్కడ 1. ఎఫ్‌సీ లోకోమోటివ్ అని ఒక క్లబ్బుంది, ఊళ్ళో అందరూ లోక్ అంటారు. నాలుగో డివిజన్‌లో, అంటే రీజియోనల్‌లిగా ఈశాన్య విభాగంలో ఆడుతుంది. 2020లో ఫస్ట్. 2025లో మళ్ళీ ఫస్ట్. రెండుసార్లూ ఇంకో విభాగం జట్టుతో ప్లేఆఫ్ ఆడమన్నారు. రెండుసార్లూ కథ అక్కడే ఆగిపోయింది. 2025లో హావెల్సె అనే జట్టు చేతిలో ఓడిన రోజు నుంచీ నాకు కడుపు మండిపోతూనే ఉంది.

ఇంకో సందేహం కూడా ఉంది. మా ఆఫీసులో కొందరు "దాని సంగతెందుకు, ఆర్‌బీ మ్యాచ్‌కి రా" అంటారు, అది ఇదే ఊళ్ళో పై డివిజన్‌లో ఆడే ఇంకో క్లబ్బు. ఇంకొందరు "జర్మనీకి మొట్టమొదటి ఛాంపియన్ అదే, 1903లో" అంటారు. వికీలో చూస్తే 2003లో పెట్టిన క్లబ్బని ఉంటుంది. 2003లో పుట్టినవాళ్ళు 1903లో ఎలా గెలిచారు? కాస్త వివరంగా చెప్పండి.

కడప_గోలీ
లీగ్ గెలిస్తే పైకి పంపకపోవడమేంది బ్రో? అట్లయితే లీగ్ ఆడించేది దేనికి?

సుచిత్ర_డ్రెస్డెన్
గోలీ, లెక్క ఇదీ. మూడో డివిజన్ దేశం మొత్తానికీ ఒకటే, అందులో 20 జట్లు. ఏటా 4 కిందికి దిగుతాయి. కాబట్టి కింది నుంచి 4 పైకి రావాలి. కానీ 2012 నుంచి నాలుగో డివిజన్‌ని 5 ముక్కలు చేశారు: ఉత్తరం, ఈశాన్యం, పశ్చిమం, నైరుతి, బవేరియా. అంటే ఛాంపియన్లు 5 మంది, కుర్చీలు 4. ఇప్పుడున్న పద్ధతిలో పశ్చిమానికీ నైరుతికీ ఏటా నేరుగా ఒక్కో సీటు ఖాయం. మిగిలిన మూడు విభాగాల్లో ఒకదానికి వంతుల ప్రకారం నేరుగా సీటిస్తారు, మిగతా ఇద్దరు ఛాంపియన్లూ కొట్టుకోవాలి. 2025లో వంతు బవేరియాది. అందుకే అక్కడి ఛాంపియన్ ష్వైన్‌ఫుర్ట్ కాలు మీద కాలేసుకుని పైకి వెళ్ళిపోయింది, లోక్, హావెల్సె తలపడ్డాయి.

కడప_గోలీ
ఆ రెండు విభాగాలకేమన్నా కొమ్ములున్నాయా అక్కా?

సుచిత్ర_డ్రెస్డెన్
అక్కడ క్లబ్బులు, జట్లు ఎక్కువన్నది ఫెడరేషన్ వాదన. లెక్కప్రకారం అబద్ధం కాదు. అయినా ఏడాది పొడుగునా ఆడి మొదట నిలిచినవాడికి ఆ మాట చెప్పి చూడు.

బెజవాడ_బ్యాక్
ఫస్ట్ ర్యాంకు వచ్చినా మేనేజ్‌మెంట్ కోటా చూసి సీటిస్తాం అన్నట్టుంది 😀

నాలుగో_మెట్టు
2020 ఇంకా ఘోరం. కోవిడ్ వల్ల లీగ్ మధ్యలో ఆపేసి, మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లొచ్చాయో చూసి ఛాంపియన్‌ని తేల్చారు. ప్లేఆఫ్‌లో వచ్చినవాళ్ళు ఎస్‌సీ ఫెర్ల్. వాళ్ళు పశ్చిమ విభాగంలో ఫస్ట్ కూడా కాదు! ఫస్ట్ వచ్చిన ర్యోడింగ్‌హౌజన్ మూడో డివిజన్‌కి దరఖాస్తే పెట్టలేదు, ఫెర్ల్‌కి అవకాశం వచ్చింది. లైప్‌జిగ్‌లో 2-2, రెండోది 1-1. బయటి మైదానంలో కొట్టిన గోల్స్ ఎక్కువని ఫెర్ల్‌ని పంపారు. లోక్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. స్టేడియంలో జనం కూడా లేరు. సొంత జనం ముందు ఆడి ఓడినా ఇంత బాధ ఉండేది కాదు.

2025లో జనమున్నారు. హావెల్సె దగ్గర 1-1, ఇక్కడ 90 నిమిషాలకీ 0-0. అదనపు సమయంలో మూడు గోల్స్ తిన్నారు.

పాత_స్కోర్‌కార్డ్
1903 గురించి అడిగావు కదా బాబూ, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

జర్మన్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ పుట్టిందే లైప్‌జిగ్‌లో, 1900 జనవరి 28న, మారియన్‌గార్టెన్ అనే రెస్టారెంటులో. మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1903లో. అప్పుడు లైప్‌జిగ్ జట్టు పేరు వీఎఫ్‌బీ లైప్‌జిగ్. ఫైనల్లో ఎదుట ఉన్నది డీఎఫ్‌సీ ప్రాగ్, అంటే ప్రాగ్ నగరంలోని జర్మన్ల జట్టు. ఆ ప్రాగ్ జట్టు ఫైనల్‌కి వచ్చిన తీరే ఒక డిటెక్టివ్ కథ. సెమీస్‌లో వాళ్ళు కార్ల్స్‌రూహెతో ఆడాలి. మ్యాచ్ వాయిదా పడిందని ఎవరో కార్ల్స్‌రూహెకి దొంగ టెలిగ్రాం కొట్టారు. వాళ్ళు నమ్మి బయల్దేరలేదు. ప్రాగ్ ఆడకుండానే ఫైనల్ చేరింది.

మే 31న, హాంబుర్గ్ పక్కన ఆల్టోనాలో ఆట. సరైన బంతి దొరక్క ఆట ఆలస్యంగా మొదలైంది. మొదట ప్రాగ్ గోల్ కొట్టింది, సగానికి 1-1. తర్వాత లైప్‌జిగ్ ఆపకుండా కొట్టి 7-2తో ముగించింది. ఆ తర్వాత 1906లో ఫోర్జ్‌హైమ్ మీద 2-1, 1913లో డ్యూయిస్‌బుర్గ్ మీద 3-1. మొత్తం మూడు టైటిళ్ళు. అప్పటికి బయెర్న్ మ్యూనిక్‌కి ఒక్కటీ లేదు.

బెజవాడ_బ్యాక్
దొంగ టెలిగ్రాంతో ఫైనలా! ఇప్పటి వాట్సాప్ ఫార్వర్డ్‌లకి తాత అది.

ఎల్బీ_గ్యాలరీ
మాస్టారూ మస్తు చెప్పిర్రు. మరి మూడు టైటిళ్ళు కొట్టినోళ్ళు నాలుగో డివిజన్‌కి ఎట్ల పడ్డరు?

పాత_స్కోర్‌కార్డ్
పడటం ఒక్కసారి జరగలేదు నాయనా. యుద్ధం అయ్యాక పాత క్లబ్బులన్నిటినీ రద్దు చేశారు, వీఎఫ్‌బీ పేరు పోయింది. తూర్పు జర్మనీలో ఎవరు ఎక్కడ ఆడాలో, ఏ పేరుతో ఆడాలో పైవాళ్ళే నిర్ణయించేవాళ్ళు. అదే ప్రోబ్‌స్ట్‌హైడా పేటలో, అదే మైదానంలో పేర్లు మారుతూ పోయాయి: ఎస్‌జీ ప్రోబ్‌స్ట్‌హైడా, ఎరిక్ జైగ్నర్, ఐన్‌హైట్ ఓస్ట్, 1954 నుంచి రోటేషన్, 1963లో ఎస్‌సీ లైప్‌జిగ్, 1966 జనవరి 20న 1. ఎఫ్‌సీ లోకోమోటివ్. లోకోమోటివ్ అంటే రైల్వే పోషణలో ఉన్న క్లబ్బని అర్థం.

ఆ పేరుతో వచ్చిన మొదటి ఏడాదే ఫెయిర్స్ కప్ అనే యూరప్ క్లబ్బుల పోటీలో ఎవర్ని ఇంటికి పంపారో తెలుసా? యుసేబియో ఆడే బెన్ఫికాని. ఇక్కడ 3-1, అక్కడ 1-2. 1973-74 యూఈఎఫ్‌ఏ కప్‌లో టొరీనో, వుల్వ్స్, ఫార్చునా డ్యుసెల్‌డోర్ఫ్, ఇప్స్‌విచ్, అందర్నీ దాటి సెమీస్‌లో టోటెన్‌హామ్ దగ్గర ఆగారు.

లాయిచ్_పచ్చ
1963ని అంత తేలిగ్గా దాటేస్తే ఎలా మాస్టారూ? అసలు కథ అక్కడుంది. నేను అదే ఊళ్ళో పశ్చిమాన లాయిచ్ వైపు ఉంటాను, మా జట్టు కెమీ. ఆ ఏడాది అధికారులు ఏం చేశారంటే, లైప్‌జిగ్‌లో ఉన్న రెండు పెద్ద జట్లలోంచి మంచి ఆటగాళ్ళని ఏరి ఎస్‌సీ లైప్‌జిగ్‌లో పెట్టారు. పనికిరారనుకున్నవాళ్ళని కెమీలో పడేశారు. అందుకే జనం కెమీని "లైప్‌జిగ్ మిగులు" అన్నారు. కోచ్ ఆల్ఫ్రెడ్ కున్‌జె. 1964లో తూర్పు జర్మనీ ఛాంపియన్ ఎవరు? ఆ మిగులే! ఏరి కూర్చిన జట్టు కాదు. ఆ కోచ్ పేరే మా మైదానానికి పెట్టుకున్నాం. లోక్‌వాళ్ళు తూర్పు జర్మనీ లీగ్‌ని ఒక్కసారి కూడా గెలవలేదని గుర్తుచేస్తున్నాను.

కడప_గోలీ
ఆహా, లైన్లో ఇంకో పార్టీ కూడా ఉంది! పచ్చన్నా, ఆ కథ ఒక్కదాన్ని పట్టుకుని జీవితాంతం మాట్లాడొచ్చు.

లాయిచ్_పచ్చ
మాట్లాడుతూనే ఉన్నాం తమ్ముడూ, 60 ఏళ్ళ నుంచి.

నాలుగో_మెట్టు
లీగ్ గెలవలేదన్నది నిజం. ఎందుకు గెలవలేదో కూడా చెప్పాలి. 1986 మార్చి 22, బెర్లిన్ బీఎఫ్‌సీ డైనమో ఇక్కడికొచ్చింది. అది తూర్పు జర్మనీ రహస్య పోలీసు స్టాసీకి అధిపతి ఎరిక్ మీల్కె దగ్గరుండి చూసుకునే జట్టు. రెండో నిమిషంలోనే లోక్ గోల్ కొట్టింది, ఆట అయిపోవాల్సిన సమయం దాటినా 1-0. 95వ నిమిషంలో రెఫరీ బెర్న్ట్ స్టుంఫ్ పెనాల్టీ ఊదాడు. 1-1. ఆ సీజన్ లోక్ రెండు పాయింట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. ఇప్పటికీ ఇక్కడ దాన్ని "సిగ్గుమాలిన పెనాల్టీ" అనే పిలుస్తారు. 1988లో అయితే పాయింట్లు సమానం, గోల్ తేడా మీద మళ్ళీ బెర్లినే.

దస్తావేజు
మొత్తం చెప్పాలంటే ఇంకోటి కూడా చెప్పండి. ఆ రెఫరీని తర్వాత పక్కనపెట్టారు. కానీ 2000లో ఇంకో కోణంలో తీసిన వీడియో బయటికొచ్చింది. అది చూసినవాళ్ళు చాలామంది పెనాల్టీ ఇవ్వదగిందే అన్నారు. ఆ ఒక్క నిర్ణయం తప్పు కాకపోవచ్చు.

నాలుగో_మెట్టు
ఆ ఒక్కటి సరే. బీఎఫ్‌సీ వరసగా పదిసార్లు ఛాంపియన్ అయిన కాలమది. జనం కోపం ఒక్క విజిల్ మీద కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్నది.

సుచిత్ర_డ్రెస్డెన్
ఇది నిజం. మా డ్రెస్డెన్‌లో పెద్దవాళ్ళు కూడా బీఎఫ్‌సీ అనగానే గొంతు పెంచుతారు. లోక్ అంటే వీళ్ళకి పడదు, అయినా ఆ పెనాల్టీ విషయంలో మాత్రం లోక్ పక్షమే.

పాత_స్కోర్‌కార్డ్
1987 గురించి చెప్పడానికి నాకు హక్కుంది. ఎందుకంటే ఆ రాత్రి నేనక్కడ ఉన్నాను.

అప్పట్లో తూర్పు జర్మనీలో చదువుకి వెళ్ళిన విదేశీ విద్యార్థుల్లో చాలామంది ముందు లైప్‌జిగ్‌లోని హెర్డర్ ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ నేర్చుకునేవాళ్ళం. నాతోపాటు వియత్నాం, ఇథియోపియా, క్యూబా వాళ్ళుండేవారు. ఏప్రిల్ 22న కప్ విన్నర్స్ కప్ (యూరప్ దేశాల కప్ విజేతల పోటీ) సెమీఫైనల్ రెండో ఆట, ఎదుట ఫ్రాన్స్ నుంచి బోర్డో. అక్కడ ఆడినప్పుడు బ్రేడో కొట్టిన గోల్‌తో లోక్ 1-0 గెలిచి వచ్చింది. కాబట్టి ఊరు ఊరంతా సెంట్రల్ స్టేడియం వైపే నడిచింది. యుద్ధంలో కూలిన ఇళ్ళ శిథిలాలను గుట్టగా పోసి, ఆ గుట్టలోనే 1956లో కట్టిన స్టేడియం అది. పైకెక్కి లోపలికి దిగాలి. లెక్కల్లో 73,000 అని రాశారు. నేను చూసింది మాత్రం మెట్లు కనిపించనంత జనం. లక్ష దాటారని ఇప్పటికీ అంటారు.

మూడో నిమిషంలోనే వుయోవిచ్ గోల్ కొట్టాడు. బోర్డో 1-0. అక్కడినుంచి 90 నిమిషాలు, తర్వాత ఇంకో 30, ఏమీ లేదు. పెనాల్టీలు. రెండు వైపులా సమానంగా వచ్చి ఆరో వంతు దాటింది. గోల్‌కీపర్ రెనె ముల్లర్ బోర్డోవాడి షాట్ ఆపాడు. తర్వాత ఎవరు కొడతారా అని చూస్తుంటే, గ్లౌజులు వేసుకున్న మనిషే బంతి చేతపట్టుకుని వస్తున్నాడు. నా పక్కనున్న ముసలాయన "వద్దు, వద్దు" అని కళ్ళు మూసుకున్నాడు. ముల్లర్ పరుగెత్తుకొచ్చి పైమూలకి కొట్టాడు. 6-5. ఆ ముసలాయన ముఖపరిచయం కూడా లేని నన్ను పట్టుకుని ఏడ్చాడు.

ఫైనల్ మే 13న ఏథెన్స్‌లో. క్రైఫ్ కోచ్‌గా ఉన్న అయాక్స్, వాన్ బాస్టెన్ 21వ నిమిషంలో తలతో కొట్టిన గోల్, 0-1. అంతే.

ఎల్బీ_గ్యాలరీ
రోమాలు నిక్కబొడుచుకున్నయ్ మాస్టారూ. గోలీ వచ్చి ఆఖరి పెనాల్టీ కొట్టుడేంది!

కడప_గోలీ
మా జాతికి గౌరవం తెచ్చినాయన. రేపటి నుంచి నేనూ ప్రాక్టీస్ చేస్తా.

బెజవాడ_బ్యాక్
ముందు ఆపడం ప్రాక్టీస్ చెయ్ సామీ.

దస్తావేజు
ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం, మొదటి పోస్టులో అడిగినదానికి. 1991లో లోక్ తన పేరు తీసేసి పాత వీఎఫ్‌బీ లైప్‌జిగ్ పేరు పెట్టుకుంది. 1993లో బుండెస్‌లిగాకి, అంటే దేశంలో మొదటి డివిజన్‌కి ఎక్కింది. 1993-94లో 34 మ్యాచ్‌ల్లో 3 గెలుపులు, 11 డ్రాలు, 20 ఓటములు. అట్టడుగున నిలిచి దిగిపోయింది. 1999లో ఒకసారి దివాలా, 2004లో రెండోసారి దివాలా. రెండోదానితో ఆ జట్టు ఆట నుంచి పోయింది.

ఇప్పుడున్న లోక్ 2003 డిసెంబర్ 10న అభిమానులు కొత్తగా రిజిస్టర్ చేసిన సంఘం. రిజిస్టర్‌లో అది వేరు, వీఎఫ్‌బీ వేరు. మరి ఏ లెక్కన 1903 మాదంటారు? ఇల్లు అమ్ముడుపోయాక పక్కన కొత్తిల్లు కట్టుకుని, పాత ఇంటి పట్టా నాదే అన్నట్టుంది. నాకు ఆ క్లబ్బు మీద కోపమేమీ లేదు. చరిత్ర రాసేటప్పుడు మాత్రం కాగితం చూడాలి.

పాత_స్కోర్‌కార్డ్
కాగితమే చూద్దామంటే నువ్వు 2004 దగ్గర ఎందుకు మొదలుపెట్టావు? 1945 తర్వాతే పట్టా చిరిగిపోయింది కదా. 1903లో గెలిచిన సంఘం యుద్ధం తర్వాత రద్దయింది. ఆ లెక్కన 1987లో ఏథెన్స్ వెళ్ళిన లోక్‌కి కూడా 1903 మీద హక్కు లేదు, 1993లో బుండెస్‌లిగాకి ఎక్కిన వీఎఫ్‌బీకీ లేదు. నిలిచి ఉన్నదేమిటి? ప్రోబ్‌స్ట్‌హైడాలో 1922లో కట్టుకున్న మైదానం, నీలం పసుపు రంగులు, తండ్రి వెనక కొడుకు వచ్చే జనం. తూర్పు జర్మనీ క్లబ్బులన్నిటికీ ఇదే చిక్కు. ప్రభుత్వం ఎన్నిసార్లు బోర్డు మారిస్తే అన్నిసార్లు చరిత్ర తుడిచేస్తామా?

దస్తావేజు
ప్రభుత్వం బలవంతంగా రద్దు చెయ్యడం వేరు, డబ్బు నడపడం చేతకాక దివాలా తియ్యడం వేరు. రెండోదానికి ఎవర్ని అనాలి?

నాలుగో_మెట్టు
దివాలా తీసింది బోర్డులో కూర్చున్నవాళ్ళు. 2004లో పోగైన జనం కాదు. 11వ డివిజన్‌లో, అట్టడుగు మూడో క్రైస్‌క్లాసెలో మొదలుపెట్టారు. అక్కడ ఎదుటి జట్లలో ఆదివారం సరదాకి ఆడేవాళ్ళుంటారు. 2004 అక్టోబర్ 9న ఐన్‌ట్రాహ్ట్ గ్రోస్‌డాయిబెన్ అనే ఊరి రెండో జట్టుతో ఆట, సెంట్రల్ స్టేడియంలో. వచ్చిన జనం 12,421. అట్టడుగు డివిజన్‌లో ఆటకి అంతమంది రావడం ప్రపంచ రికార్డు. కొత్త సంఘం పెట్టి ఏడాది తిరక్కముందే అంత జనం ఎక్కణ్ణుంచి ఊడిపడతారు? వాళ్ళు 1987లో ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు.

ఎల్బీ_గ్యాలరీ
12,421 మందా! ఊరి రెండో జట్టు మీద ఆటకి!

లాయిచ్_పచ్చ
జనం వచ్చారు, కాదనను. కానీ 11 మెట్లూ కాళ్ళతో ఎక్కారని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. మొదటి ఏడాది తర్వాత 2005లో ఎస్‌ఎస్‌వీ టోర్గావుతో విలీనమై, ఆ క్లబ్బు స్థానంతో కొన్ని మెట్లు దాటేశారు. కాగితం ముఖ్యం కాదంటూనే అవసరమైనచోట కాగితమే వాడారు.

దస్తావేజు
సరిగ్గా అదే నా పాయింటు.

నాలుగో_మెట్టు
టోర్గావు సంగతి నిజమే, అది లోక్‌వాళ్ళు కూడా దాచరు. నాకూ ఆ ముక్క నచ్చదు. అయినా అక్కడినుంచి మెట్టు మెట్టుగా ఎక్కుతూ 2008కి ఐదో డివిజన్ ఓబర్‌లిగా, 2012కి రీజియోనల్‌లిగా, 2014లో మళ్ళీ కిందపడి 2016లో మళ్ళీ పైకి. ఇది మైదానంలో ఎక్కిందే కదా.

దస్తావేజు గారూ, మీకు కాగితమే కావాలంటే అదీ ఉంది. 2021లో పాత వీఎఫ్‌బీ లైప్‌జిగ్ సంఘంతో లోక్ విలీనం రిజిస్టర్ అయింది. దాని కోసం కోర్టుల చుట్టూ, దివాలా ఫైళ్ళ చుట్టూ ఏళ్ళు తిరిగారు. చట్టం ప్రకారం కూడా ఇప్పుడు 1893లో పుట్టిన వీఎఫ్‌బీ వీళ్ళలోనే ఉంది.

దస్తావేజు
2021 తర్వాత నాకు అభ్యంతరం లేదు. 2004 నుంచి 2021 వరకూ చెప్పుకున్నది మాత్రం నమ్మకమే, రికార్డు కాదు. ఆ తేడా రాయండి చాలు.

పాత_స్కోర్‌కార్డ్
నమ్మకం లేకపోతే ఆ ఫైళ్ళ వెంట ఎవరు తిరుగుతారయ్యా?

ఎల్బీ_గ్యాలరీ
ఈ ముచ్చట చదువుతుంటే మా హైదరాబాద్ యాదికొచ్చి మనసు ఖరాబైతుంది. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ కొట్టింది. కోచ్ ఎవరు? ఎస్.ఎ. రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా సెమీస్ ఆడిందంటే ఆయన పుణ్యమే. గియ్యాల ఆ జట్టు పేరు చెప్తే మా గల్లీ పోరగాళ్ళకి తెల్వదు. హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2021-22ల ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది, సంబురపడ్డం. ఇప్పుడు 2025ల ఆ టీమే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. ఆ కప్పు ఎవరిదనాలె? ఢిల్లీదా, మాదా? కాగితం చూస్తే ఢిల్లీది. గచ్చిబౌలిల గొంతు పోయేలా అరిసింది మేము.

కడప_గోలీ
మీదే అన్నా. ఇందులో అడగడానికేముంది.

దస్తావేజు
గ్యాలరీ అన్నా, ఈ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించాల్సిందే.

ఎల్బీ_గ్యాలరీ
నాకు జవాబు కాదు తమ్మీ కావాల్సింది, లోక్‌వాళ్ళ లెక్క మళ్ళ కింద నుంచి మొదలుపెట్టే పదిమంది కావాలె. మా దిక్కు ఎ-డివిజన్ లీగ్ ఇంకా నడుస్తుంది. చూసేటోళ్ళు లేరు.

సుచిత్ర_డ్రెస్డెన్
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి నేను చేదు మాట చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. లోక్ అభిమానుల్లో ఒక వర్గం చరిత్ర మంచిది కాదు. 2006లో ఒక జూనియర్ మ్యాచ్‌లో కొందరు స్టాండులో స్వస్తిక్ ఆకారంలో నిలబడ్డారు. 2007 ఫిబ్రవరిలో ఆవె క్లబ్బు రెండో జట్టుతో కప్ మ్యాచ్ తర్వాత వందలమంది పోలీసుల మీద పడ్డారు, మరుసటి వారం సాక్సనీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌లే ఆపేశారు. 2025 ఆగస్టులో షాల్కెతో జర్మన్ కప్ మ్యాచ్‌లో ఒక ప్రేక్షకుడు తనని జాతిపేరుతో తిట్టాడని షాల్కె ఆటగాడు చెప్పాడు, ఆట కాసేపు ఆగింది. మన పిల్లలు ఇక్కడికి చదువుకోవడానికి వస్తున్నారు. "వెళ్ళి చూడండి, బ్రహ్మాండం" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

నాలుగో_మెట్టు
అక్కా, మీరు చెప్పింది రాయాల్సిందే. నేను నా అనుభవం చెబుతాను. నేను ఇంటి పక్కనుండే ఒక పెద్దాయనతో వెళ్తాను, కూర్చునే చెక్క స్టాండులోనే టిక్కెట్టు తీసుకుంటాను. నన్నెవరూ ఏమీ అనలేదు. అయినా డెర్బీ రోజు, అంటే కెమీతో ఆట ఉన్న రోజు, కొత్తగా వచ్చిన ఏ మనవాణ్ణీ నేను తీసుకెళ్ళను. ట్రాముల్లోనే గొడవలుంటాయి. ఆ 2006, 2007ల తర్వాత క్లబ్బులో ఉన్నవాళ్ళే చాలామంది ఈ మనుషులతో తలపడ్డారు. అది ఇంకా అయిపోలేదు. అయిపోయిందని నేను చెప్పను.

లాయిచ్_పచ్చ
డెర్బీ విషయంలో మెట్టు చెప్పింది వినండి. మా వైపూ అంతే, పోలీసులు గుర్రాల మీద వస్తారు.

కడప_గోలీ
ఆ చెక్క స్టాండు ఏందన్నా? ఫోటో పెట్టరాదూ.

నాలుగో_మెట్టు
ఫోటోలో తెలియదు గోలీ. బ్రూనో ప్లాహె స్టేడియం అంటారు. ప్లాహె ఒక కమ్యూనిస్టు క్రీడాకార్యకర్త, ఆయన పేరు యుద్ధం తర్వాత పెట్టారు. 15 నంబరు ట్రాము ఎక్కితే దారిలో నెపోలియన్ యుద్ధ స్మారకం పెద్ద నల్లకొండలా కనిపిస్తుంది. అది కట్టడం పూర్తయిన 1913లోనే వీఎఫ్‌బీ మూడో టైటిల్ గెలిచింది. స్టాండు 1932 నాటిది, మొత్తం కలప. కప్పు మోసే దూలాలు కూడా చెక్కవే, మధ్యలో స్తంభాలుంటాయి. స్తంభం వెనక సీటొస్తే ఒక గోల్ పోస్టు కనిపించదు. గోల్ పడితే అందరూ కాళ్ళతో నేలని తన్నుతారు, బల్లలన్నీ దడదడలాడతాయి, కింద నుంచి దుమ్ము లేస్తుంది. హాఫ్‌టైమ్‌లో బన్నులో పెట్టిన వేడి సాసేజ్, పైన ఆవాల ముద్ద. శాకాహారులు ఇంట్లో తినేసి రావడం మంచిది.

బెజవాడ_బ్యాక్
పులిహోర పొట్లం లోపలికి రానిస్తారా?

నాలుగో_మెట్టు
గేటు దగ్గర సంచీ తెరిచి చూస్తారు. చిన్న డబ్బా అయితే నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు 🙂

కడప_గోలీ
మరి ఆర్‌బీ లైప్‌జిగ్? దాని గురించి ఎవరూ మాట్లాడరేం? బుండెస్‌లిగాలో ఉన్న లైప్‌జిగ్ అదే కదా. నేను ఫోన్లో చూసేది వాళ్ళనే.

సుచిత్ర_డ్రెస్డెన్
2009లో ఎనర్జీ డ్రింక్ కంపెనీ పక్క ఊరు మార్క్‌రాన్‌స్టెట్ జట్టు స్థానాన్ని కొనుక్కుని మొదలుపెట్టింది. ఐదో డివిజన్ నుంచి ఏడేళ్ళలో బుండెస్‌లిగా. జర్మనీలో క్లబ్బు మీద మెజారిటీ ఓటు సభ్యులకే ఉండాలన్న నియమం ఉంది. వీళ్ళు ఓటున్న సభ్యుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే ఉంచారు. అందుకే దేశమంతా కోపం. ఆట బాగా ఆడతారు, 2022, 2023లో జర్మన్ కప్ గెలిచారు. కుటుంబాలతో హాయిగా వెళ్ళొచ్చు కూడా. అది కూడా ఒప్పుకోవాలి.

లాయిచ్_పచ్చ
లోక్‌తో నాకు వంద గొడవలు. ఆర్‌బీ విషయంలో మాత్రం ఇద్దరం ఒకే మాట. 1964 కప్పు, 1987 సెమీస్, ఈ ఊరి ఫుట్‌బాల్ అంటే అదీ. ముల్లర్ పెనాల్టీ కొట్టిన సెంట్రల్ స్టేడియాన్ని తవ్వి లోపల కొత్తది కట్టారు, ఇప్పుడు దాని మీద డ్రింక్ కంపెనీ పేరుంది.

పాత_స్కోర్‌కార్డ్
పాత గుట్ట మాత్రం చాలావరకు అలాగే ఉంచారు. ఒక్క ఆర్‌బీనే అనడం న్యాయం కాదు. తూర్పు క్లబ్బులన్నీ 1990 తర్వాత ఆటగాళ్ళని పశ్చిమానికి అమ్ముకున్నాయి, స్పాన్సర్లు రాలేదు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఒక్క లైప్‌జిగ్‌దే కాదు. మాగ్డెబుర్గ్ 1974లో కప్ విన్నర్స్ కప్ గెలిచిన జట్టు, అది కూడా నాలుగో డివిజన్‌కి దిగి ఏళ్ళ తర్వాత పైకొచ్చింది. యేనా 1981లో అదే కప్పు ఫైనల్ ఆడింది, ఇప్పుడు లోక్ ఉన్న డివిజన్‌లోనే ఉంది. ఆ ఈశాన్య విభాగం అంటే ఒకప్పటి దేశం పెద్ద జట్లలో చాలా పోగుపడిన చోటు. అందుకే అక్కడి ఛాంపియన్‌ని మళ్ళీ ప్లేఆఫ్ ఆడమనడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

నాలుగో_మెట్టు
ఇదే మాస్టారూ నేను చెప్పాలనుకున్నది! 2022లో బీఎఫ్‌సీ ప్లేఆఫ్‌లో ఓల్డెన్‌బుర్గ్ చేతిలో ఓడింది. 2023లో కాట్‌బుస్ ఉంటర్‌హాహింగ్ చేతిలో. 2025లో లోక్. 2024లో మాత్రం వంతు ఈశాన్యానిది కాబట్టి కాట్‌బుస్ నేరుగా వెళ్ళింది. 2025 మొదట్లో ఈశాన్య విభాగం క్లబ్బులన్నీ కలిసి "ఛాంపియన్లు పైకి వెళ్ళాలి" అని ప్రచారం మొదలుపెట్టాయి. లోక్, కెమీ రెండూ అందులో ఉన్నాయి. పచ్చన్న చెప్పినట్టు వీళ్ళిద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం మామూలు విషయం కాదు.

దస్తావేజు
దారులు రెండే. నాలుగో డివిజన్‌ని 5 నుంచి 4 విభాగాలకి తగ్గించాలి, లేదా మూడో డివిజన్ నుంచి 5 జట్లని దించాలి. మొదటిదానికి ఏ విభాగాన్ని ముక్కలు చెయ్యాలో తేలదు, ముఖ్యంగా బవేరియా ఒప్పుకోదు. రెండోదానికి మూడో డివిజన్ క్లబ్బులు ఒప్పుకోవాలి, తమ తల తామెందుకు నరుక్కుంటారు? నేను మొదటిదే సరైనదంటాను. ఈ విషయంలో మెట్టుతో నాకు పూర్తి ఏకీభావం.

కడప_గోలీ
నేను ఒకటి డిసైడయ్యా. ఈ సీజన్ నుంచి లోక్ స్కోర్లు చూస్తా. ఏ వారం ఎవరితో ఆటో ఎవరైనా ఇక్కడ పెట్టండి.

లాయిచ్_పచ్చ
కెమీ స్కోర్లు నేను పెడతా, అవీ చూడు.

ఎల్బీ_గ్యాలరీ
నేను హైదరాబాద్ ఎ-డివిజన్ స్కోర్లు పెడత. ఎవరూ సదవకున్నా పెడత.

పాత_స్కోర్‌కార్డ్
నేను చదువుతాను నాయనా, పెట్టు.

కడప_గోలీ
సరే గానీ అక్కా, ఈశాన్యానికి మళ్ళీ నేరుగా సీటు ఎప్పుడు?

సుచిత్ర_డ్రెస్డెన్
2022 బవేరియా, 2023 ఉత్తరం, 2024 ఈశాన్యం, 2025 బవేరియా. ఇదే వరస సాగితే 2026 ఉత్తరానిది, 2027 ఈశాన్యానిది. ఈలోపు పద్ధతి మారకపోతే, 2026లో ఈశాన్యంలో ఎవరు గెలిచినా మళ్ళీ ప్లేఆఫే, ఈసారి బవేరియా ఛాంపియన్‌తో. లోక్ ఆ గండం తప్పించుకుని నేరుగా పోవాలంటే 2026-27 సీజన్ గెలవాలి.